ఒరిగిన సీసాను నిటారుగా నిలబెట్టాను, మాస్టారికి కోపం వచ్చింది

పేరు రాయొద్దన్న ఒక పాఠకురాలి ఉత్తరం ఇది. పేజీలకు పేజీలు రాశారు కాబట్టి కుదించి ఇస్తున్నాను.

ఆమెకు 44 ఏళ్లు. ఆఫీసులో రోజంతా లెక్కలు చూసే ఉద్యోగం. పిల్లలు పై చదువులకు వెళ్లాక సాయంత్రాలు ఖాళీ దొరికి పెయింటింగ్ క్లాసులో చేరారు. అక్కడి మాస్టారు ఒక్కొక్కరికీ ఒక పెద్ద చిత్రకారుడి బొమ్మ ఇచ్చి, దాన్ని చూసి వేయమంటారు. ఈమెకు ఫ్రెంచ్ చిత్రకారుడు పాల్ సెజాన్ వేసిన ‘యాపిల్స్ బుట్ట’ ఇచ్చారు. బొమ్మలో సీసా ఒక పక్కకు ఒరిగి ఉంది. బల్ల అంచు ఎడమ వైపు ఒక ఎత్తులో, కుడి వైపు ఇంకో ఎత్తులో ఉంది. ఆమె అవి పొరపాట్లనుకుని సీసాను నిటారుగా నిలబెట్టి, బల్ల అంచును స్కేలు పెట్టి కలిపేశారు. ఇంట్లో అందరూ మెచ్చుకున్నారు. మాస్టారు మాత్రం “ఇది సెజాన్ బొమ్మ కాదు, క్యాలెండర్ బొమ్మ” అని విసుక్కున్నారు. దాంతో రెండోసారి ఫోన్‌లోని ఫొటో మీద గళ్లు గీసుకుని, నోటు పుస్తకం అంత కాగితం మీద ఒక్కో గడినీ ఉన్నది ఉన్నట్టు దించారు. మూలనున్న సెజాన్ సంతకాన్ని కూడా వదల్లేదు. అంతా సరిగ్గానే ఉంది కానీ బొమ్మలో ప్రాణం లేదని, పళ్ల కింది తెల్ల గుడ్డ వెలగడం లేదని ఆమెకే అనిపించింది. మాస్టారు చూసి ఏమీ అనలేదట. ఆ మౌనం తిట్టుకన్నా ఎక్కువ బాధపెట్టిందని రాశారు.

తర్వాత ఇంట్లో నిజం పళ్లే బల్ల మీద పెట్టుకుని వేయబోతే చెయ్యి ఆడలేదు. అన్నయ్యకేమో రెండో బొమ్మ తెగ నచ్చింది. “మా హాల్లో పెడతాను, ఆ సంతకం అలాగే ఉంచు, చూసినవాళ్లు అదిరిపోతారు” అంటున్నారు. వదిన మాత్రం “కాపీ కొట్టడంలో కళేముంది?” అన్నారు. ఈలోగా క్లాసులో అందరి బొమ్మలతో ప్రదర్శన పెడుతున్నారు. ఏది ఇవ్వాలో తోచడం లేదు. “నేను నేర్చుకుంటున్నానా, నన్ను నేను మోసం చేసుకుంటున్నానా? కాపీ చేయడం ఆపేయాలా? ఈ టెన్షన్‌లో బ్రష్ పట్టుకోవడమే తగ్గిపోయింది” అని అడుగుతున్నారు. ఇప్పుడు వాడుతున్న యాక్రిలిక్ (నీళ్లతో కలిపే రంగులు) వదిలి ఆయిల్ రంగులకు మారితే బాగుంటుందా అని కూడా ఉత్తరం చివర అడిగారు.

సమాధానం:

ముందుగా మీ వదినగారి మాట సంగతి తేల్చేద్దాం, అన్నిటిలోకీ సులువైనది అదే. కాపీ చేయడం తప్పయితే, మీరు కాపీ చేసిన బొమ్మ వేసినాయనే మొదటి దోషి. సెజాన్ 1863లో పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో బొమ్మలు చూసి వేసుకోవడానికి పేరు నమోదు చేయించుకున్నాడు. పేరొచ్చాక, వయసు మీదపడ్డాక కూడా అక్కడికి వెళ్లి పాత శిల్పాలనూ చిత్రాలనూ చూసి గీసుకుంటూనే ఉన్నాడు. మనం చదవడం నేర్చుకునే పుస్తకం లూవ్ర్ అని ఒక ఉత్తరంలో రాశాడు కూడా. ఆయన తర్వాతివాళ్లదీ ఇదే దారి. గోగాన్ అనే చిత్రకారుడి దగ్గర సెజాన్ వేసిన పళ్ల బొమ్మ ఒకటి ఉండేది. ప్రాణంగా చూసుకునేవాడు. 1890లో ఒక స్త్రీ చిత్రం వేస్తూ, ఆమె వెనకాల గోడ మీద ఆ పళ్ల బొమ్మను మళ్లీ తన చేత్తో వేశాడు. ఇవన్నీ వదినగారికి చెప్పి వాదన గెలవమని కాదు. ఆ మాట మీ మనసులో నుంచి పోతే, అసలు చిక్కు కనిపిస్తుంది.

అసలు చిక్కేమిటంటే, మీరు మూడు వేర్వేరు పనులను ఒకే బొమ్మ చేత చేయించాలని చూస్తున్నారు. నేర్చుకోవడానికి వేసిన బొమ్మే అన్నయ్య హాల్లో గొప్పగా కనిపించాలి, ప్రదర్శనలో అదే మీ ప్రతిభకు సాక్ష్యం కావాలి. నేర్చుకోవడానికి వేసే కాపీకి అందంగా ఉండాల్సిన అవసరమే లేదు. సగంలో ఆగిపోవచ్చు, ఒక మూల మాత్రమే ఉండవచ్చు, రంగులు లేకుండా కూడా ఉండవచ్చు. గోడకెక్కాల్సిన బొమ్మకు ఈ వెసులుబాటు ఉండదు.

ఇప్పుడు మీ మొదటి బొమ్మ సంగతి. మాస్టారి మాట కాస్త కటువుగా ఉంది కానీ విషయంలో ఆయనదే రైటు. అయితే ఎందుకు రైటో ఆయన చెప్పి ఉంటే మీరు ఇంత బాధపడేవారు కాదు. ‘యాపిల్స్ బుట్ట’ సుమారు 1893 నాటి చిత్రం, ఇప్పుడు షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. అందులో బుట్ట ముందుకు వంగి ఉంటుంది, పళ్లు నలిగిన తెల్ల గుడ్డ మీదికి దొర్లుతుంటాయి. సీసా ఒరిగి ఉంటుంది. కుడి వైపు పళ్లెంలో పేర్చిన బిస్కెట్లు ఒక పక్క నుంచి చూసినట్టూ కొంచెం పైనుంచి చూసినట్టూ ఉంటాయి. బల్ల అంచు రెండు వైపులా కలవదు, ఎక్కడ తప్పిందో కనిపించకుండా గుడ్డ ఆ చోటును కప్పేస్తుంది. ఇన్ని ఒకే బొమ్మలో చేరాయంటే అది చేతకానితనం కాదని తెలిసిపోతుంది.

పైగా ఆయన బల్ల సర్దే తీరు చూసినవాళ్లు రాసిపెట్టారు. లూయి ల బాయ్ అనే యువ చిత్రకారుడి కళ్లెదుటే సెజాన్ గుడ్డ పరిచి, పళ్లను అమర్చి, ఏ పండు ఎటు ఒరగాలో చూసుకుంటూ వాటి కింద నాణేలు దూర్చాడట. రంగు ముట్టుకోకముందే పండు వాలును అంతలా చూసుకునే మనిషి, సీసా ఒరిగిందని గమనించకుండా వేసి ఉంటాడా?

మరి అలా ఎందుకు వేశాడు? దీని మీద పండితులు ఒక్క మాట మీద లేరు. మనిషి కదలకుండా ఒకే చోట నిలబడి చూడడు, తల తిప్పుతూ చూసే చూపును బొమ్మలోకి తెచ్చాడని కొందరు అంటారు. బొమ్మ నిలవడానికి ఏ ముక్క ఎక్కడ ఉండాలో అక్కడికి జరిపాడని ఇంకొందరు అంటారు. నేను రెండో వైపు మొగ్గుతాను. పరీక్ష మీరే చేసుకోవచ్చు. మీ మొదటి బొమ్మనూ అసలు బొమ్మ ప్రింటునూ పక్కపక్కన పెట్టండి. నిటారుగా నిలబడ్డ సీసా మీ బొమ్మను మధ్యలో రెండుగా చీల్చడం కనిపిస్తుంది. బుట్ట అంతా ఒక వైపుకి వాలుతుంటే దానికి బదులు చెప్పేది ఏదీ ఉండదు. బల్ల అంచు ఒకే గీతగా సాగేసరికి చూపు ఆ గీత వెంట బొమ్మ బయటికి జారిపోతుంది. సెజాన్ బొమ్మలో ఆ చూపు గుడ్డ మడతల దగ్గర ఆగి వెనక్కి తిరుగుతుంది.

అంతమాత్రాన మీరు సీసాను నిలబెట్టడం నేరమేమీ కాదు. బల్లను, సీసాను తమకు నచ్చినట్టు మార్చుకున్న చిత్రకారులు చాలామందే ఉన్నారు. కాకపోతే మీరు మార్చాలని మార్చలేదు, ‘పాపం పొరపాటు పడ్డాడు’ అనుకుని దిద్దారు. రోజంతా లెక్కల్లో తప్పులు పట్టే కళ్లు కదా, సాయంత్రం సెజాన్‌ను కూడా వదల్లేదు.

రెండో బొమ్మ దగ్గర ఇంకాస్త ఆగాలి, ఎందుకంటే మీరు నిజంగా నేర్చుకోగలిగింది అక్కడుంది. గళ్ల పద్ధతి పాతదే, మంచిదే. ఏది ఎక్కడ ఉందో చెబుతుంది. కానీ ఏది ముందు వేశాడు, దేని పక్కన దేన్ని చూసుకుని రంగు మార్చాడు అన్నది చెప్పదు. గడి గడికీ పూర్తి చేసుకుంటూ పోతే, ఒక యాపిల్ నాలుగు గళ్లలో నాలుగు ముక్కలవుతుంది. సెజాన్ అలా ఒక మూల నుంచి పూర్తి చేసుకుంటూ రాలేదు. బొమ్మంతా ఒకేసారి నడిపేవాడు. ఇక్కడ ఒక పచ్చ మచ్చ వేస్తే దానికి జవాబుగా అక్కడ ఒక ఎర్ర మచ్చ. ఆ యాపిల్స్ చుట్టూ ముదురు గీత చూడండి, ఒకే గీతగా ఉండదు. ఒక చోట తెగుతుంది, ఒక చోట రెండు మూడుసార్లు వెతుక్కున్నట్టు ఉంటుంది. మీరు గడిలో చూసి దాన్ని ఒక్క ఊపులో శుభ్రంగా దించి ఉంటారు. ప్రాణం పోయిందని మీకనిపించింది బహుశా అక్కడే.

దీనికి ఫోన్ కూడా తోడైంది. తెర సొంతంగా వెలుగుతుంది. కాన్వాస్ మీద పూసిన రంగు, తన మీద పడ్డ వెలుతురునే తిప్పి ఇస్తుంది. తెర మీది తెలుపును ట్యూబులోని తెలుపు అందుకోలేదు. అందుకోవాలని ప్రతి రంగులోనూ తెలుపు కలిపేస్తే బొమ్మంతా సుద్ద పూసినట్టు అవుతుంది. మీ బొమ్మలో గుడ్డ తెల్లగా ఉండి కూడా వెలగడం లేదని రాశారు కదా. అసలు బొమ్మలో ఆ గుడ్డ చాలా భాగం తెలుపే కాదు. బూడిద, నీలం, కాస్త ఆకుపచ్చ ఛాయలు. బూడిద రంగు అట్టముక్కకు చిన్న రంధ్రం చేసి, అందులోంచి ప్రింటును ఒక్కో చోట చూడండి. గుడ్డ అని తెలిసిన మనసు తెలుపంటుంది, రంధ్రంలోంచి చూసే కన్ను నీలి బూడిద అంటుంది. అది తేలితే బొమ్మ సగం మారిపోతుంది. ఫోన్ బదులు మంచి ప్రింటు తీసుకోండి. షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ తమ సైటులో ఈ చిత్రం పెద్ద ఫొటోను ఉచితంగానే ఇస్తుంది.

ఇంకో సంగతి, కొలత. అసలు చిత్రం దాదాపు 65 సెంటీమీటర్ల ఎత్తు, 80 వెడల్పు. మీరు వేసింది నోటు పుస్తకం అంత కాగితం మీద. ఆయన ఒక్క బ్రష్ దెబ్బతో వేసిన మచ్చను మీరు సన్న బ్రష్ మొనతో నింపాల్సి వచ్చింది. అది ఇక పెయింటింగ్ కాదు, కుట్టుపని.

సరే, ఇప్పుడేం చేయాలి? మీ ముందు కొన్ని దారులున్నాయి. ఏది పట్టుకుంటే ఏమవుతుందో చెబుతాను, ఎంచుకోవడం మీ ఇష్టం.

ఇదే బొమ్మతో ఇంకొన్నాళ్లు ఉండొచ్చు, అయితే మొత్తం బొమ్మను మళ్లీ ముట్టుకోవద్దు. రెండు యాపిల్స్, వాటి కింద గుడ్డ, అంతే. ప్రింటులో అవి ఎంత ఉన్నాయో అంతకన్నా పెద్దగా వేయండి. ముందు ఒకసారి నలుపు తెలుపుల్లో, వెలుగు నీడలు మాత్రమే. తర్వాత రంగుల్లో, కానీ రంగులను ఒకదాంట్లో ఒకటి రుద్ది కలపకుండా, పసుపు పక్కన నారింజ, దాని పక్కన ఎరుపు, అంచు దగ్గర చల్లని పచ్చ, ఇలా మచ్చలు మచ్చలుగా. పండు గుండ్రదనం నునుపుగా రుద్దితే కాదు, రంగు వెచ్చదనం నుంచి చల్లదనానికి మారితే వస్తుందని మీ చేతికే తెలుస్తుంది. నష్టమేమిటంటే ఎవరికీ చూపించడానికి ఏమీ మిగలదు. మెప్పు అలవాటైన ఇంట్లో అది కాస్త కష్టమే.

కాపీ మొత్తానికే ఆపేసి సొంతంగా వేయడం ఇంకో దారి. వదినగారు సంతోషిస్తారు. కానీ పళ్ల ముందు కూర్చుంటే చెయ్యి ఆడలేదని మీరే అన్నారు. అందులో వింతేమీ లేదు. ఫొటోలో మీ తరఫున చాలా నిర్ణయాలు అయిపోయి ఉంటాయి. ఎక్కడ కత్తిరించాలి, వెలుతురు ఎటు నుంచి, గుడ్డ అంచు ఎక్కడ మాయమవ్వాలి, అన్నీ. నిజం పండు అవేవీ చెప్పదు. తల కాస్త కదిలిస్తే అంచు కూడా కదులుతుంది. ఉన్నపళంగా ఈ దారి పట్టినవాళ్లలో చాలామంది నిరుత్సాహపడి బ్రష్ పక్కన పెట్టేస్తారు. మీరూ ఆ అంచునే ఉన్నారని ఉత్తరం చూస్తే అనిపించింది. అందుకే దీన్ని ఒంటరిగా వద్దంటాను.

నాకు బాగా నచ్చేది ఈ రెండిటి మధ్య దారి. ప్రింటు ఎదురుగా పెట్టుకుని, మీ బల్ల మీద మీరే సర్దండి. పళ్లు కొన్ని చాలు. గుడ్డను నలపండి. పండు కింద నాణెం దూర్చి ఒరగనివ్వండి, సీసా కింద కూడా ఏదైనా పెట్టి ఒక పక్కకు వంచండి. వెలుతురు ఒక్క వైపు నుంచే పడేలా చూసుకోండి. ఇప్పుడు కాపీ చేయాల్సింది ఆయన బొమ్మను కాదు, ఆయన వేసుకున్న ప్రశ్నలను. ఈ పండు నాకు అన్నిటికన్నా దగ్గరగా వచ్చే చోటేది? 1904లో యువ చిత్రకారుడు ఎమిల్ బెర్నార్‌కు రాసిన ఉత్తరంలో సెజాన్ చెప్పింది ఇదే. నారింజ అయినా, యాపిల్ అయినా, మనిషి తల అయినా అందులో కంటికి అన్నిటికన్నా దగ్గరగా ఉండే చోటు ఒకటుంటుంది, అంచులు దాన్నుంచి దూరంగా జరుగుతాయి. విచిత్రం ఏమిటంటే మనం పండును అంచు గీతతో మొదలుపెడతాం. ఆ దగ్గరి చోటుతో మొదలుపెట్టి బయటికి రండి. చెయ్యి ఆడకపోవడానికి కారణం సగం ఆ గీత భయమే. ఈ దారిలో మొదట వచ్చే బొమ్మలు మీ కాపీలకన్నా అధ్వానంగా ఉంటాయి, అది ముందే తెలుసుకుని దిగండి. అధ్వానంగా ఉన్నా, ఎక్కడ తప్పిందో మీరే చెప్పగలుగుతారు. గళ్ల బొమ్మలో అది చెప్పలేకపోయారు.

ఆటలాంటి దారి కూడా ఒకటుంది. 1889 శరత్కాలంలో ఫ్రాన్స్‌లోని సాఁ రెమీలో చికిత్సలో ఉన్న చిత్రకారుడు వాన్ గో, మిల్లే అనే తనకన్నా ముందుతరం చిత్రకారుడి బొమ్మల నలుపు తెలుపు ప్రింట్లు ముందు పెట్టుకుని వాటికి తనే రంగులు కల్పించాడు. బేతోవెన్ సంగీతాన్ని వాయించేవాడు తన భావం కలిపి వాయించడా, ఇదీ అంతే అని తమ్ముడు తియోకు రాశాడు. మీరు రంగుల్లో ఎప్పుడూ చూడని సెజాన్ పళ్ల బొమ్మ ఒకటి ఎవరిచేతైనా నలుపు తెలుపుల్లో ప్రింటు తీయించుకోండి. రంగులు మీవి. పూర్తయ్యేవరకు అసలు చూడొద్దు. మీకు రంగుల మీద ధైర్యం తక్కువని ఉత్తరంలో కనిపించింది కాబట్టి చెబుతున్నాను. అమరిక నేర్చుకోవడానికి మాత్రం ఇది పెద్దగా పనికిరాదు.

వీటిలో ఏదైనా ఏళ్ల తర్వాత మళ్లీ అక్కరకు రావచ్చు. మతీస్ అనే ఫ్రెంచ్ చిత్రకారుడు 1893లో లూవ్ర్‌లో డి హేమ్ అనే డచ్చి చిత్రకారుడి పళ్ల బల్ల బొమ్మను శ్రద్ధగా కాపీ చేశాడు. 1915లో అదే బొమ్మను మళ్లీ తీసుకుని పూర్తిగా తన పద్ధతిలో, కోణాలు కోణాలుగా వేశాడు. కాబట్టి ఆ రెండు కాపీలనూ పారేయకండి.

మాస్టారి మౌనం గురించి ఎక్కువ ఊహించుకోవద్దు. చెప్పడానికి తప్పు దొరక్కపోయినా నచ్చకపోతే చాలామంది గురువులు అలాగే ఊరుకుంటారు. రెండు యాపిల్స్ ముక్క పట్టుకెళ్లి “ఇక్కడ అంచు ఎందుకు గట్టిగా వచ్చింది మాస్టారూ?” అని అడగండి. బాగుందా అని అడిగితే బాగుందనో లేదనో వస్తుంది. ఎందుకని అడిగితే పాఠం వస్తుంది. దానికీ విసుక్కుంటే, అప్పుడు ఇంకో మాస్టారిని వెతుక్కోవడం గురించి ఆలోచించవచ్చు.

సంతకం విషయంలో మాత్రం నాకు మొహమాటం లేదు, చెరిపేయండి. సెజాన్ తన బొమ్మల్లో చాలా వాటికి సంతకమే చేయలేదు. ఇది చేసిన కొద్దివాటిలో ఒకటి. ఆయన ప్రత్యేకంగా పెట్టిన దాన్ని మీరు పెట్టడం బాగుండదు. అంతకన్నా ముఖ్యం, ఈ రోజు హాల్లో సరదాగా వేలాడిన బొమ్మ రేపు ఎవరి చేతికి వెళుతుందో తెలియదు. లూవ్ర్‌లో ఈనాటికీ కాపీ చేసేవాళ్లను అసలు కొలతలో వేయనివ్వరు, సంతకం దించనివ్వరు. సెజాన్ 1906లోనే పోయాడు కాబట్టి ఆయన బొమ్మను కాపీ చేయడానికి కాపీరైట్ అడ్డు లేదు. ఆయనదని నమ్మించడం మాత్రం మోసమే. బొమ్మ వెనక ‘పాల్ సెజాన్ చిత్రం చూసి’ అని రాసి, కింద మీ పేరు, సంవత్సరం వేసి అన్నయ్యకు ఇవ్వండి. చూసినవాళ్లు అదిరిపోవడమే కావాలంటే, మా చెల్లెలు వేసిందని చెబితే కూడా అదురుతారు.

ప్రదర్శనకు రెండో బొమ్మ ఇవ్వాలనుకుంటే పక్కన చీటీలో అదే మాట రాయండి, ఎవరూ తప్పుపట్టరు. నన్నడిగితే మొదటిదీ రెండోదీ పక్కపక్కన పెట్టమంటాను, నిలబడ్డ సీసా, ఒరిగిన సీసా. చూసేవాళ్లకు అది ఒక్క బొమ్మకన్నా ఆసక్తిగా ఉంటుంది. కొందరు నిలబడ్డదే బాగుందంటారు, వాళ్లతో వాదించకండి. సొంత బొమ్మలే పెట్టాలనే నిబంధన ఉందేమో ముందు కనుక్కోండి. ఉంటే, ఈసారికి ఇవ్వకపోయినా మునిగిపోయేదేం లేదు.

ఇక ఆయిల్ రంగులు. మీరిప్పుడు వాడుతున్న యాక్రిలిక్ త్వరగా ఆరుతుంది, ఆరాక కాస్త ముదురు రంగుకు దిగుతుంది. తడి మీద తడి వేస్తూ నింపాదిగా సరిచూసుకోవడానికి ఆయిల్ అనుకూలం, కానీ ఆరడానికి రోజులు పడుతుంది, రంగును పలుచన చేసే టర్పెంటైన్ వాడితే గదికి గాలి బాగా ఆడాలి, పైపొరలో నూనె కింది పొరలోకన్నా తక్కువ కాకూడదు. బెర్నార్ రాసిన జాబితా ప్రకారం సెజాన్ రంగులు కలుపుకునే పలక మీద అయిదు పసుపులు, ఆరు ఎరుపులు, మూడు పచ్చలు, మూడు నీలాలు, ఒక నలుపు ఉండేవి. అది చూసి అన్నీ కొనేయకండి. పసుపు, ఎరుపు, నీలాల్లో వెచ్చనిదొకటి, చల్లనిదొకటి, వాటికి తోడు తెలుపు, ఇవి చాలు. ప్రదర్శన తలనొప్పి తీరేదాకా మాత్రం యాక్రిలిక్‌లోనే ఉండండి. కొత్త రంగుల పేచీ కూడా ఇప్పుడే నెత్తికెత్తుకుంటే బొమ్మ ఎక్కడ తప్పుతోందో, రంగు ఎక్కడ తప్పుతోందో విడదీయలేరు.